రేడియేటర్లో కొబ్బరినీళ్ళు

అమ్మ పోయి రెండు నెలలు దాటింది. "నేనుండగా చెప్పకు, పోయేక నీ ఇష్టం" అంది కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను. రాసిందంతా ముందు మా చెల్లెలు పద్మకి చదివి వినిపించేను. అది కాసేపు ఏడ్చి, కాసేపు నన్ను తిట్టి, చివరికి ముక్కు తుడుచుకుని "అచ్చుకిచ్చెయ్యక్కా" అంది. కాబట్టి చదివేవాళ్ళెవరూ దాని గురించి బెంగపడక్కర్లేదు.

ఇంతకీ విషయం ఏవిఁటంటే, పాత కారు రేడియేటర్లో ఏం పొయ్యాలి అన్నది. నవ్వకండి. హైస్కూల్లో ఏళ్ళ తరబడి లెక్కలు చెప్పి, తప్పు చేసిన పిల్లల్ని బోర్డు దగ్గర నుంచోబెట్టిన మనిషిని నేను. నా సొంత లెక్క ఒకటి పదకొండో ఏట తప్పు చేసి, అది తప్పని తెలీకుండా అరవై దాటేదాకా మోసుకు తిరిగేను. మా నాన్న కారుని చంపింది నేనే అని ఆ లెక్క. కారంటే మాకు ఒట్టి కారు కాదు. మా కంచంలో అన్నం, అమ్మ మెళ్ళో నానుతాడు, నా బడి పుస్తకాలు, అన్నీ అదే. దాన్ని నేను చంపేనని నాకు తెలుసు, నాన్నకీ తెలుసనుకున్నాను, ఇద్దరం ఆ మాట ఎత్తకుండానే ఆయన వెళ్ళిపోయేరు.

కొత్తపేట పక్కన మా ఊరు. మా పెరట్లో కొబ్బరాకుల పాక కింద ఉండేది ఆ తెల్లటి అంబాసిడరు. ఇప్పుడు కళ్ళు మూసుకున్నా దాని లోపలి వాసన ముక్కుకి తగులుతుంది. రెక్సిను, పెట్రోలు, నాన్న పొద్దున్నే వెలిగించే సాంబ్రాణి, వీటన్నిటి కింద ఎప్పుడో వాడిపోయిన పూల వాసన. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళయిన అమ్మాయిల్ని అత్తారింటికి దింపేది నాన్నే. ఎక్కేటప్పుడు ఏడుస్తూ ఎక్కేవారు, వాళ్ళ జడల్లోంచి మల్లెలూ కనకాంబరాలూ సీటు సందుల్లోకి రాలిపోయేవి. మర్నాడు అవన్నీ ఏరి బయట పారెయ్యడం నా పని. గోదావరి దాటాలంటే అప్పుడు కార్లని పంటు మీదకి ఎక్కించేవారు. ఒకటి రెండు సార్లు నన్నూ తీసుకెళ్ళేరు నాన్న. రెండు పడవలు కలిపి పైన బల్లలు పరిచిన పంటు మీద కారు, కారులో నేను, కింద ఏరు. ఇంజను ఆపేసినా ముందుకు వెళ్ళిపోతూనే ఉంటే, నాకు మాత్రం మేం కదలటం లేదనీ గట్టే వెనక్కి పోతోందనీ అనిపించేది. ఆ భ్రమ నాకు చాలా ఇష్టం. ఇప్పుడు వంతెన మీద మూడు నిమిషాల్లో దాటేస్తున్నాం, ఏటి వైపు చూసేవాడే లేడు.

నాన్న మనుషుల విషయంలో ఎంత మెతకో నీళ్ళ విషయంలో అంత మొండి. రేడియేటర్లోకి వాన నీళ్ళు తప్ప ఇంకోటి పోసేవారు కాదు. నూతి నీళ్ళు పనికిరావు, కాలువ నీళ్ళు అసలే పనికిరావు. వాన మొదలవగానే పట్టకూడదు. ఒక అరగంట కురవనివ్వాలి, ఆకాశంలో దుమ్మంతా కిందకి దిగిపోవాలి. అప్పుడు గొడుగైనా లేకుండా వెళ్ళి, పెరట్లో నాలుగు గుంజలకి ఉతికిన పాత పంచె కట్టి, మధ్యలో నున్నటి రాయి వేసేవారు. పంచె రాయి దగ్గర కిందకి దిగి, ఆ కొసనుంచి సన్నటి ధార గంగాళంలోకి పడేది. ఆ చప్పుడు వింటూ నేను వసారాలో పడుకునేదాన్ని. అమ్మ గుమ్మంలో నుంచుని "ఏవండీ, రెండు చెంబులు ఇవ్వరాదూ, ఆ నీళ్ళతో కందిపప్పు వెన్నలా ఉడుకుతుంది" అనేది. "నీ పప్పుకి నుయ్యుంది, నా బండికేముంది?" అనేవారాయన. అమ్మ ఊరుకునే రకం కాదు. ఆయన స్నానానికి వెళ్ళగానే తన రెండు చెంబులూ తను తీసేసుకునేది. ఆ రోజు పప్పు తింటూ నాన్న "ఇవాళ పప్పు బాగుందే" అంటే, నేనూ అమ్మా మొహాలు చూసుకోకుండా తినేవాళ్ళం.

పొద్దున్నే బానెట్టు ఎత్తి రేడియేటరు మూత తీసి, గరాటు నా చేతికిచ్చి, డబ్బాలోంచి నీళ్ళు పోసేవారు. అది గుటకలు వేసుకుంటూ తాగేది. చెవి దగ్గరగా పెట్టి వినేవారు ఆయన, జ్వరం వచ్చిన పిల్ల మందు మింగిందా లేదా అని చూసినట్టు. ఒకసారి అడిగేను, వాన నీళ్ళే ఎందుకు నాన్నా అని. "మనకి ఎలాంటి నీళ్ళైనా అరుగుతాయమ్మా, బండికి అరగవు. ఉప్పు పడ్డా, తీపి పడ్డా, సున్నం పడ్డా ఇందులో సన్నటి గొట్టాలుంటాయే, వాటికి పట్టేస్తుంది. పైకి తెలీదు. లోపల్లోపల మూసుకుపోతుంది. ఒకరోజు ఇంజను కాస్తా పోతుంది" అన్నారు. ఆ మాట నా మనసులో అలా ఉండిపోయింది. ఉండకపోతే బాగుండేది.

ఆ వేసవి కాలువలు కట్టేసేరు. మా కోనసీమలో వేసవిలో మరమ్మతులకి కాలువలన్నీ మూసేస్తారు. నెల్లాళ్ళపాటు ఎక్కడ చూసినా బీటలు వారిన బురద, గుంటల్లో కొట్టుకునే చేపలు, పాచి కంపు. అమ్మకి నెలలు నిండటానికి ఇంకా నెలుంది. ఒక మధ్యాహ్నం వంటింట్లో పీట మీద కూర్చున్నదల్లా గోడ పట్టుకుని "ఏవండీ" అంది. ఆ పిలుపు వేరుగా ఉంది. ఇంట్లో వేరే ఆడదిక్కు లేదు. నాన్న అమ్మని వెనక సీట్లో పడుకోబెట్టి, తల పట్టుకోమని నన్ను ఎక్కించి, అమలాపురం డాక్టరమ్మగారి దగ్గరకి బయల్దేరదీసేరు.

అంబాజీపేట ఇంకా రాకుండా, రెండు పక్కలా తోటలే తప్ప ఇళ్ళు లేనిచోట, ముందునుంచి తెల్లటి ఆవిరి లేచింది. రేడియేటరు నుంచి ఇంజనులోకి వెళ్ళే రబ్బరు గొట్టం చిట్లింది. నాన్న దాని చుట్టూ సైకిలు ట్యూబు ముక్క బిగించి కట్టి, కొంచెం చల్లారేక డిక్కీలో ఉన్న డబ్బాడు వాన నీళ్ళూ పోసేసేరు. సగానికి కూడా రాలేదు. పక్కనున్న కాలువలో చూస్తే ఒండ్రు. బిందె తీసుకుని "ముందున్న ఊళ్ళోకి పోయి మంచినీళ్ళు తెస్తాను. నేను వచ్చేదాకా ఇందులో ఏ నీళ్ళూ పొయ్యకండి, ఎవరు చెప్పినా సరే" అని నా కళ్ళలోకి చూసి చెప్పి పరిగెత్తేరు. అలాగే నాన్నా అన్నాను.

ఎంతసేపయిందో నాకు తెలీదు. గాలి లేదు. కొబ్బరాకు కదలటం లేదు. అమ్మ నా మణికట్టు పట్టుకుంది, నెప్పి వచ్చినప్పుడల్లా ఆ పట్టు బిగుస్తోంది. మొదట్లో పళ్ళు బిగపట్టిన మనిషి కాస్సేపటికి కేకలు పెట్టడం మొదలుపెట్టింది. నేను కారు దిగి "ఎవరండీ, ఎవరైనా ఉన్నారా అండీ" అని అరిచేను. తోటలోంచి ఒక పెద్దాయన, ఇద్దరు దింపు తీసేవాళ్ళు, అంటే కాయలు దింపే పనివాళ్ళు, గబగబా వచ్చేరు. పెద్దాయన లోపలికి చూసి "ఓరి నాయనో, ఇదేవిఁటమ్మా! బండికేమైంది?" అన్నాడు. నీళ్ళు లేవండి, నాన్న తేవడానికి వెళ్ళేరండి అన్నాను. "నీళ్ళా? మా కుండలోవి ఇందాకే అయిపోయేయి తల్లీ" అని చుట్టూ చూసేడు. చుట్టూ చెట్టుకి పదేసి బొండాలు. మా వైపు మనుషులకి ఇంటికొచ్చిన వాడికి దాహమంటే బొండాం కొట్టివ్వడం తప్ప వేరే తెలీదు. ఆ రోజు దాహం కారుకి వేసింది, అంతే తేడా. "ఇవీ నీళ్ళే కదమ్మా, అమృతం లాంటివి" అని పనివాడికి సైగ చేసేడు. అతను పైకెళ్ళి గెల దింపేడు.

నాన్న మాట గుర్తుంది. ఉప్పు పడ్డా, తీపి పడ్డా. గుర్తుండే చేసేను, అదే నా బాధంతా. "వద్దండీ, నాన్న తిడతారండీ" అన్నాను ఒకసారి. లోపల్నుంచి అమ్మ "ఏదో ఒకటి పొయ్యవే తల్లీ" అని అరిచింది. పరికిణీ అంచు మూతకి చుట్టి నేనే తిప్పి తీసేను. గరాటు నేనే పెట్టేను. వాళ్ళు కొట్టిచ్చిన ఒక్కో బొండాం నేనే వంపేను. పన్నెండు బొండాలు. రేడియేటరు గుటకలు వేస్తూ తాగింది. వేడి లోహం మీద పడి తీపి వాసన, పెళ్ళిళ్ళలో పాకం కాసే వాసన లేచింది. నాకు ఏడుపొచ్చింది.

మూత పెడుతూండగా నాన్న వచ్చేరు, భుజాన బిందె, నిండా నీళ్ళు. బంపరు దగ్గర పడున్న బొండాం డొక్కలు చూసేరు. జిగటగా ఉన్న నా చేతులు చూసేరు. తర్వాత నా మొహంలోకి చూసేరు. అంతే. తిట్టలేదు, ఏమీ అనలేదు. "ఎక్కమ్మా" అన్నారు. ఆ చూపుకి నేను ఎన్ని అర్థాలు రాసుకున్నానో ఇన్నేళ్ళలో. బండి స్టార్టయింది, ఆగకుండా అమలాపురం చేరింది, మేం వెళ్ళిన గంటలోపే పద్మ పుట్టింది.

తర్వాత నెలా నెలన్నర బండి తిరిగింది. సెలవులయ్యి బళ్ళు తెరిచేరు, కాలువలు వదిలేరు. ఒకరోజు నేను బడినుంచి వచ్చేసరికి కారు పాకలో ఉంది, దాని మీద గోనెపట్టాలు కప్పి ఉన్నాయి. మర్నాడూ తియ్యలేదు. ఆ మర్నాడూ తియ్యలేదు. ఎవరో వచ్చి "ఏవండీ, రేపు మా వాళ్ళు తిరుపతి వెళ్తారంట, బండి కావాలండి" అంటే, నాన్న అరుగు మీద కూర్చుని "లేదండి. రేడియేటరు పోయిందండి" అన్నారు. తలుపు వెనకాల నేను విన్నాను. ఇంకొకరు వచ్చేరు. "రేడియేటరు పోయిందండి." పెళ్ళివాళ్ళు వచ్చేరు. "పోయిందండి, రేడియేటరు. ఇంక లాభం లేదండి." ఆ మాట విన్న ప్రతిసారీ నాకు పన్నెండు బొండాలూ వరసగా కనిపించేవి. కారున్న మనిషి మా ఊరి బియ్యం మిల్లులో ధాన్యం బళ్ళు చూసుకునే పనికి కుదిరేడు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేవారు, సాయంత్రం ఎండ ఉండగానే వచ్చేసేవారు. యజమానిగా తిరిగిన మనిషి ఒకరి దగ్గర చేతులు కట్టుకుని నుంచోవాల్సొచ్చిందే, నా వల్ల కదా అని కుమిలిపోయేదాన్ని. అప్పట్నుంచి నేను కొబ్బరినీళ్ళు నోట పెట్టలేదు. కోనసీమలో పుట్టి కొబ్బరినీళ్ళు తాగని దాన్ని నన్నొక్కదాన్నే చూసేమని మా అత్తారివైపు వాళ్ళు ఇప్పటికీ అంటారు. ఏదో మొక్కు అని చెప్పేను.

నాన్న ఆఖరి రోజుల్లో నాలుగు నెలలు మంచాన ఉన్నారు. రోజూ పక్కన కూర్చునేదాన్ని. నాన్నా, ఆ రోజు నేను చేసింది క్షమించేరా అని అడుగుదామని నోటిదాకా వచ్చేది. అడిగితే ఔననో కాదనో అంటారు కదా, కాదంటే ఎలా బతకను? అడగలేదు.

పద్మకి ఇదంతా ఒక వేడుక. నేనే చిన్నప్పుడు దానికి నవ్వొచ్చేలా చెప్పేను. అది ఇప్పుడు అమలాపురంలో ఉంటుంది, కనబడ్డ వాళ్ళందరికీ చెబుతుంది. "మా అక్క కారుకి కొబ్బరినీళ్ళు పట్టించి నన్ను పుట్టించిందండి. కారు పోయింది, నేను మిగిలేను!" అని. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. లోపల చివుక్కుమనేది. ఆమధ్య దానికొక ముచ్చట పుట్టింది. అమ్మకి ఎనభై దాటేయి, ఆ కారులోనే అమ్మని మళ్ళీ ఒకసారి అమలాపురం తీసుకెళ్ళాలి అని. రావులపాలెంలో పాత బళ్ళు బాగుచేసే వీర్రాజుగారిని పట్టుకొచ్చింది. పాక పోయి రేకుల షెడ్డు వచ్చింది గానీ కారు మాత్రం కదల్లేదు. ఆయన చుట్టూ తిరిగి చూసి, ఇంజను పని ఇక్కడే చేస్తానండి, రేడియేటరు మాత్రం మా షెడ్డుకి పట్టుకెళ్ళాలి అని ఊడదీసి పట్టుకెళ్ళేరు. దాన్ని ఆటోలో పెడుతుంటే నేను లోపలికి వెళ్ళిపోయేను. చూడలేకపోయేను.

వారం తర్వాత ఫోను చేసేరు, "టీచరుగారండీ, ఒకసారి వస్తారా, మీరు చూడాలండి" అని. బస్సెక్కి వెళ్ళేను. ఆయన షెడ్డు అరటి మార్కెట్టు వెనకాల. లారీలకి గెలలెక్కిస్తున్న కేకలు, ముగ్గిన అరటిపళ్ళ వాసన, అందులో గ్రీజు వాసన. స్టూలు వేసి కూర్చోమన్నారు. రేడియేటరు పైతొట్టే కిందితొట్టే టంకం కరిగించి విప్పి, బల్ల మీద పెట్టి, వెనకాల లైటు పెట్టేరు. "చూడండి" అన్నారు. వరసలు వరసలుగా సన్నటి రంధ్రాలు, ప్రతి దాంట్లోంచి వెలుగు.

"దీన్లో కొబ్బరినీళ్ళు పోసేరన్నారు కదండీ పద్మగారు?"

"పోసింది నేనేనండి."

"పోస్తే పోసుంటారు. కానీ ఆ రోజో ఆ మర్నాడో కడిగేసేరండి. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు కడిగుంటారు. అలా వదిలేసుంటే పాకం కట్టేసి చువ్వ పెట్టినా దిగదండి. ఇందులో పేరుకున్నదేమీ లేదు. ఇంకోటి చెప్తాను, అడుగు బిరడా తీసి నీళ్ళన్నీ దించేసేరు. గొట్టాల మూతులకి గుడ్డలు కుక్కేరు. ఇంజను సిలిండర్లలోకి ఆయిలు పోసేరు. పాడైపోయిన బండిని ఎవరూ అలా పెట్టరండి. ఇది పాడైన బండి కాదు. దాచిపెట్టిన బండి."

నేను వంగి ఆ రంధ్రాల్ని మళ్ళీ ఒక్కో వరసా చూసేను. ఆయన నా వైపు చూడకుండానే, "రేడియేటర్లోకి కూలెంటు ఏం పోద్దామండి?" అన్నారు. ఏదో ఒకటి పొయ్యండి అన్నాను. "అలా అనకండి. మనిషికి వయసుని బట్టి తిండి ఉంటుందా లేదా? ఇది రాగీ ఇత్తడీ కలిపి టంకం వేసిన రేడియేటరు. ఇప్పటి కార్లవి అల్యూమినియం. వాటికి పోసే కొత్తరకం, ఐదేళ్ళదాకా మార్చక్కర్లేదంటారు చూడండి, అది దీనికి పడదండి. టంకాన్ని తినేస్తుంది, పాత వాషర్లని ఊరబెట్టేస్తుంది. దీనికి పాతరకమే పొయ్యాలి, రెండేళ్ళకోసారి తప్పకుండా మార్చాలి. రెండు రకాలూ కలిపేరంటే లోపల జావలా గడ్డకడుతుంది. ఇంకోటండి, రంగు చూసి కొనకూడదు. పాతది పచ్చగా ఉంటుందనీ కొత్తది నారింజరంగనీ అంటారు గానీ, ఒక్కో కంపెనీ ఒక్కో రంగు వేస్తుంది. డబ్బా వెనక ఏ రకమో చదవాలి. సగం కూలెంటు, సగం డిస్టిల్డు వాటరు. కుళాయి నీళ్ళు వద్దు."

"వాన నీళ్ళు పోసేవారండి మా నాన్న" అన్నాను.

"అయితే డిస్టిల్డు వాటరు ఇంట్లోనే తయారుచేసుకున్నారన్న మాట! గొప్పోరండి. ఒట్టి నీళ్ళయితే తుప్పొకటి పడుతుంది, దాన్ని ఆపడానికే ఈ మందు. మిగతాదంతా ఆయన చేసిందే కరెక్టు."

ఇంటికొచ్చేసరికి ఎండ వసారాలోకి ఏటవాలుగా పడుతోంది. అమ్మ చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఎదురుగా కూర్చున్నాను. అమ్మకి చెవుడు కాబట్టి గట్టిగానే చెప్పేను.

"అమ్మా, కారు పాడవలేదంట. రేడియేటరు శుభ్రంగా ఉందంట. నాన్న కడిగి దాచేరంట."

గింజ తీస్తున్న వేళ్ళు ఆగేయి. "పాడయిందని ఎవరన్నారు?" అంది.

"నాన్నే అన్నారు కదమ్మా! వచ్చిన ప్రతివాళ్ళతోనూ!"

"వాళ్ళతో అన్నారులే." తర్వాత చేటలోకి చూస్తూనే అంది. "బండికేం కాలేదే. నాకే బాగోలేదు."

ఆ తర్వాత చెప్పింది, ఆగి ఆగి, మధ్యమధ్య గింజలు తీస్తూ. "పద్మ పుట్టేక నాకేవిఁటో అయిపోయింది. ఏడిస్తే ఎత్తుకునేదాన్ని, పాలిచ్చేదాన్ని. కానీ దాని మొహం చూస్తే ఏమీ అనిపించేది కాదే. ఎవరి పిల్లో అన్నట్టుండేది. పొద్దస్తమానం ఏడుపొచ్చేది. ఎందుకేడుస్తున్నావంటే చెప్పడానికేం లేదు. కాలువ వదిలేరు. ఆ రోజు నువ్వు బడికెళ్ళేవు, మీ నాన్న కిరాయికి వెళ్ళేరు. పిల్లని చంకనేసుకుని రేవులోకి దిగేను. బట్టలుతకడానికి కాదు. నడుందాకా దిగేను. ఎంతసేపున్నానో తెలీదు. ఆయన ఏదో కాగితం మర్చిపోయి వెనక్కొచ్చేరు. బండి గట్టు మీదే వదిలేసి చెప్పులతోటే దిగి, ముందు పిల్లని అందుకున్నారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని పైకి తెచ్చేరు. ఒక్కమాట అడగలేదు. పొడిచీర తెచ్చిచ్చేరు. ఆ మర్నాటి నుంచి బండి తియ్యలేదు."

నేను జరిగి అమ్మ మోకాలికి ఆనుకుని కూర్చున్నాను.

"కిరాయి అంటే ఎప్పుడొస్తారో ఏ ఊళ్ళో ఉంటారో తెలీదు కదా. మిల్లయితే కేకేస్తే వినపడతారు. మరి జనానికేం చెబుతారు? పెళ్ళానికి మనసు బాగోలేదు, ఒక్కత్తినీ వదల్లేను అని చెబుతారా? ఊళ్ళో నన్ను బతకనిచ్చేవారా? అందుకని రేడియేటరు పోయిందన్నారు. నాకు బాగవడానికి ఏడాది పట్టింది. ఒకనాడు అది పాక్కుంటూ వచ్చి, నా కుచ్చిళ్ళు పట్టుకుని లేచి నుంచుంది. అప్పుడు కనబడిందే దాని మొహం నాకు. ఇంక బండి తియ్యండి అన్నాను. ఇంటి భోజనం అలవాటైపోయిందోయ్ అన్నారు."

"నేననుకున్నానమ్మా" అన్నాను, "నేను పోసిన కొబ్బరినీళ్ళ వల్ల అని. ఇన్నేళ్ళూ."

అమ్మ తలెత్తి నన్ను చూసింది. చేట పక్కకి నెట్టేసింది. "ఓసి నా తల్లీ! అదేవిఁటే! పద్మ అలా అంటుంటే నువ్వూ నవ్వేదానివి కదే, తమాషా అనుకున్నాను. మీ నాన్నకి తెలిస్తే... అయ్యో, ఆయనకి ఈ ఊహే లేదే! నిన్నెవరైనా ఒక్కమాట అన్నారుటే?"

"ఎవరూ ఏమీ అనలేదమ్మా. అందుకే."

చింతపండు జిగటతో ఉన్న చేతుల్తోనే నా మొహం పట్టుకుంది. నేను అరవై దాటిన దాన్ని, మనవలున్నదాన్ని, అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని బావురుమన్నాను. నాన్న మీద ఎంత కోపం వచ్చిందో! నాకొక్కదానికి చెప్పొచ్చు కదా, పదకొండేళ్ళ దాన్ని, కారు నిక్షేపంలా ఉందమ్మా అని చెవిలో ఒక్కమాట ఊదితే ఆయన సొమ్మేం పోయింది? ఆ కోపం వెనకాలే ఇంకోటి వచ్చింది, దానికి పేరు చెప్పలేను. పెళ్ళాం పరువు కోసం తన బతుకుతెరువుని పాడైపోయిందని చెప్పుకున్న మనిషి, దాన్ని పిల్లని చూసుకున్నట్టు కడిగి తుడిచి దాచుకున్నాడు. నేనేమో ఆయన చూపులో కోపం వెతుక్కున్నాను. ఎంతసేపటికో అమ్మ అంది, "పద్మకి చెప్పకే. తల్లికి తనంటే ఇష్టం లేకపోయిందనుకుంటుంది. నేనుండగా చెప్పకు. పోయేక నీ ఇష్టం."

వీర్రాజుగారు రేడియేటరు బిగించడానికి వచ్చిన రోజు పద్మ ఐదు లీటర్ల నారింజరంగు డబ్బా మోసుకొచ్చింది. "షాపాయన ఇదే బెస్టు అన్నాడక్కా, అన్నిట్లోకీ ఖరీదైంది." నేను డబ్బా తిప్పి వెనక చదివేను. ఇది కొత్త కార్లకే, దీనికి పోస్తే టంకం పోతుంది, తీసుకెళ్ళి ఇచ్చెయ్ అన్నాను. "లెక్కల టీచరువి, మెకానిక్కువెప్పుడయ్యేవే? కొత్తదే మంచిది కదా ఎక్కడైనా!" అంది అది. "ఎక్కడైనా కాదు" అన్నాను. ఇద్దరం కాసేపు కీచులాడుకున్నాం. చివరికి వీర్రాజుగారు తన సంచీలోంచి పాతరకం సీసా తీసి, "టీచరుగారు చెప్పిందే కరెక్టండి" అన్నాక గానీ అది తగ్గలేదు. ఆయన సగానికి సగం కొలిచి కలిపేరు, గరాటు నేను పట్టుకున్నాను. నిండేక బుడగలన్నీ పోయేదాకా ఆగి మూత బిగించేరు. మూడోసారి తిప్పితే ఇంజను అందుకుంది. షెడ్డు రేకులన్నీ అదిరేయి. పొగ చెదిరేక చూస్తే ఇంజను వేడి చూపించే సూది మధ్యలోనే నుంచుంది, వేడెక్కలేదు.

అమ్మని ఇద్దరం పట్టుకుని వెనక సీట్లో కూర్చోబెట్టేం. పట్టుచీర కట్టుకుంది. పద్మ బానెట్టు మీద చెయ్యి వేసి, ఉన్నట్టుండి అడిగింది.

"అక్కా, రేడియేటరు లోపల కొత్తదానిలా ఉందంట కదే, ఇందాక ఈయన అంటున్నారు. కొబ్బరినీళ్ళకి పోయినదైతే అలా ఉండదు కదా. మరి నాన్న కారెందుకు ఆపేసేరు?"

అద్దంలోంచి అమ్మ నన్ను చూస్తోంది. ఈ ఒక్కమాట మాత్రం ఎలాగో విన్నట్టుంది. వీర్రాజుగారు స్పానరు తుడుస్తూ ఆగిపోయేరు.

"కొబ్బరినీళ్ళకేనే" అన్నాను. "నాన్న పొయ్యొద్దని చెప్పి మరీ వెళ్ళేరు, నేను వినలేదు. నేనే పాడుచేసేను. ఈయన బాగుచేసేరు కాబట్టి ఇప్పుడిలా ఉంది. కాదాండీ వీర్రాజుగారూ?"

ఆయన నా మొహంలోకి చూసేరు. తర్వాత కారులో ఉన్న అమ్మ వైపు చూసేరు.

"ఆయ్" అన్నారు. "చాలా కష్టపడ్డానండి."

పద్మ పగలబడి నవ్వింది. "విన్నావా అమ్మా, ఒప్పేసుకుంది! కారు పోయింది, నేను మిగిలేను!" అంటూ వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుంది. ఏళ్ళ తరబడి నన్ను కోసిన మాట అది. ఆ పూట నా అంతట నేను, గట్టిగా, అందరూ వినేలా చెప్పేను. వెనక తలుపు తీసేను. అమ్మ కొంగు దగ్గరకి తీసుకుని, సీట్లో కాస్త జరిగి, నాకు చోటిచ్చింది.